ఆరో పేజీలో పేరు

మంగళవారం పొద్దున బున్‌రువాన్ అక్క లైబ్రరీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచేసరికి నేను కాలు మీద కాలేసుకుని ఐస్ కాఫీ తాగుతున్నాను. ఆరు నెలల చాకిరీ ముగిసిందన్న తృప్తితో తాగుతున్న కాఫీ అది. ఆ తృప్తి సగం గ్లాసు వరకే దక్కింది.

"సాయ్, అమ్మ పోయింది," అంది అక్క.

లమ్‌యై పెద్దమ్మ శనివారమే పోయిందని మార్కెట్లో విన్నాను. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. తల్లీకూతుళ్ళిద్దరూ వంతెన దగ్గర గుడ్లు, కొబ్బరిపాలు, తాటిబెల్లం కలిపి కాల్చే మోకేంగ్ అమ్మేవాళ్ళు. మా పేచ్చబురి ఊళ్ళో మోకేంగ్ అమ్మని వీధి లేదు గానీ, వాళ్ళ పళ్ళెం ఖాళీ అయ్యాకే మిగతావాళ్ళకి బేరం తగిలేది. నేను కుర్చీ జరిపి అక్కని కూర్చోమన్నాను.

"ఆదివారం సాయంత్రం నాలుగింటికి దహనం. అమ్మ పుస్తకం గురువారం అచ్చుకెళ్ళాలి. అందుకే వచ్చాను. మా నాన్న పుస్తకం చూడాలి. ఇక్కడే కదా ఉంది?"

మా ఊళ్ళో ఎవరైనా పోతే దహనానికి వచ్చినవాళ్ళందరికీ ఒక పుస్తకం పంచుతారు. ఉన్నవాళ్ళు లావుది, లేనివాళ్ళు పల్చటిది. మొదటి నాలుగు కాగితాల్లో పోయినవాళ్ళ ఫోటో, పుట్టుక, చదువు, ఉద్యోగం, భార్యాపిల్లల పేర్లు ఉంటాయి. ఆ వెనకంతా వచ్చినవాళ్ళకి పనికొచ్చేది ఏదో ఒకటి వేస్తారు. ప్రార్థనలు, వంటలు, ఇంటి వైద్యం. ఒక ప్రతి గుడి లైబ్రరీకి ఇవ్వడం ఆనవాయితీ. అలా తొంభై ఏళ్ళుగా మా రేవుగుడిలో నాలుగు వేల పైచిలుకు పోగయ్యాయి. ఊళ్ళో చచ్చినవాళ్ళందరికీ నేను కాపలాదారునని మా ఆయన వేళాకోళం.

"ఉండేది అక్కా. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. ఇంటి దగ్గర కూర్చుని ఫోన్లోనే చూసుకోవచ్చు."

"అందరూ చూడొచ్చా?"

"ఎవరైనా చూడొచ్చు. పేరు కొడితే చాలు."

అక్క ఒడిలో సంచీ గట్టిగా పట్టుకుంది. "చరూన్ అని కొట్టు. బడుల ఇన్‌స్పెక్టరుగా చేశాడు. నాకు ఏడేళ్ళప్పుడు పోయాడు. ఆరో పేజీలో అమ్మ పేరుంటుంది. 'భార్యలు ఇద్దరు: సంగ్‌వియన్, లమ్‌యై' అని. మా ఇంట్లో ఉన్న ఒక్క ప్రతీ వరదలో పోయింది. ఆ సంగతి అమ్మ పుస్తకంలో రాయాలి. అమ్మ ఆఖరి కోరిక అదొక్కటే."

అడగకపోయినా నాకు అర్థమైంది. లమ్‌యై పెద్దమ్మని ఊరు ఉంచుకున్నదనే అంది. పెద్ద భార్య సంగ్‌వియన్ గారి ఇల్లు బజారు వీధిలో రెండంతస్తుల టేకు ఇల్లు. పెద్దమ్మది కాలవ ఒడ్డున రేకుల షెడ్డు. ఎవరైనా మాట తూలితే పెద్దమ్మ అట్లకాడ ఊపుతూ "పో, పోయి ఆయన పుస్తకం చూడు, అచ్చులో ఉన్నాను" అనడం నా చెవులతో విన్నాను. ఎవరూ వెళ్ళి చూసింది లేదు. ఆవిడ అంత ధీమాగా అంటే చూడాల్సిన పనేముంది?

నేను పేరు కొట్టాను. రాలేదు. ఇంటిపేరు కొట్టాను. చనిపోయిన సంవత్సరం కొట్టాను. రాలేదు.

"ఏంటి, లేదా?" అక్క ముందుకి వంగింది.

"కంప్యూటరు కదా, ఒక్కోసారి మొరాయిస్తుంది. పైకి వెళ్ళి చూసొస్తాను, కూర్చో."

నిజం చెప్పుకోవాలి. పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తారంటే ఊళ్ళో అందరికంటే సంతోషించింది నేనే. పాత పుస్తకాల వాసన ఎంత బాగుంటుందో అంటూ కళ్ళు మూసుకునే టీచర్లు నెలకి ఇద్దరు వస్తారు. వాళ్ళలో ఒక్కరూ చెదలు దులపలేదు, గబ్బిలాల రెట్ట కడగలేదు. వానాకాలం వస్తే పై అంతస్తులో బకెట్లు పెట్టుకుంటూ ఇరవై ఆరేళ్ళు గడిపాను. ఫోన్లో ఉన్నదానికి చెదలు పట్టవు, ఎవడూ పేజీ చింపుకుపోడు. బ్యాంకాక్ ఆఫీసు వాళ్ళు యంత్రం, ఆరు నెలల గడువు, ఒక ఫారం పంపించారు. ఎక్కించిన పుస్తకాలు కాగితాల మిల్లుకి. ఖాళీ అయిన పై అంతస్తులో మా గుడి పెద్ద స్వామి ధ్యానం నేర్పుతారు. ఇంతకంటే ఏం కావాలి?

ఆ ఫారంలో ఒక గడి ఉంది. ఒకే పుస్తకం ఒకటి కంటే ఎక్కువ ప్రతులుంటే ఒక్కటే ఎక్కించి, మిగతావి 'నకళ్ళు' అని టిక్కు పెట్టాలి.

సగం మెట్ల మీద ఉండగానే నా గుండెల్లో రాయి పడింది.

మా ఊరివాళ్ళు ఎక్కువగా వేయించేది ఉదయ సాయంత్ర ప్రార్థనల పుస్తకం. బజారు వీధి ప్రెస్సులో అచ్చుదిమ్మలు సిద్ధంగా ఉండేవి, చవకలో అయిపోయేది. అట్ట మీద ప్రార్థనల పేరు, లోపల అవే ప్రార్థనలు. మొదటి నాలుగు కాగితాలే మనిషికో రకం. గడువు ఇంకా పదిరోజులే ఉందనగా నేను అట్టలు చూసుకుంటూ పోయాను. ప్రార్థనలు, టిక్కు. ప్రార్థనలు, టిక్కు. మూడు వందల పన్నెండు. ఒక్కటి ఎక్కించి తక్కినవన్నీ నకళ్ళన్నాను. మూడు వందల పదకొండు మంది బతుకుల్ని నా చేత్తోనే కట్టలు కట్టి శుక్రవారం లారీ ఎక్కించాను. ఆ పని బ్యాంకాక్ నుంచి వచ్చిన ఏ కుర్రదో చేసి ఉంటే దానికి తెలీదులే అనుకోవచ్చు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ పుస్తకాల మధ్యే జుట్టు నెరిసిన నేను చేశాను.

పైన అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. గోడ మీద చెదల బాటలు మాత్రం అలాగే ఉన్నాయి. జేబులోంచి కర్పూరం పీల్చే చిన్న గొట్టం తీసి రెండు ముక్కుల్లోనూ గట్టిగా పీల్చాను. ఆ ఘాటుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

కిందకి వచ్చి అబద్ధం చెప్పాను. "సర్వరు పనిచేయట్లేదు అక్కా. రేపు రా."

"రేపు తప్పకుండా తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

అక్క వెళ్ళాక తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎవరికి చెప్పను? పెద్ద స్వామికి చెబితే పని ఊడుతుంది. చెప్పకపోతే లమ్‌యై పెద్దమ్మ ఆఖరి కోరిక బూడిదలో కలుస్తుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

బుధవారం గుడి తలుపు తీయకుండానే రైలుకట్ట పక్కన ఉన్న పాత కాగితాల యార్డుకి పరిగెత్తాను. యజమానురాలు జే కిమ్, చైనావాళ్ళ మాటలో జే అంటే అక్క, పూలపూల పైజామాలో, నెత్తి మీద తువ్వాలు చుట్టుకుని సీసాలు వేరు చేస్తోంది. నా ముఖం చూసి నవ్వింది.

"ఏంటి లైబ్రరీ అమ్మా, మనసు మారిందా? అమ్మిన వస్తువు మా దగ్గర వాపసు లేదు."

"శుక్రవారం వచ్చిన పుస్తకాలు ఎక్కడున్నాయి జే? మిల్లుకి వెళ్ళిపోయాయా?"

"వెళ్ళిపోవాల్సింది. లారీ చెడింది. సోమవారం వెళ్తుంది. అదిగో, ఆ గుట్ట."

దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుంటూ అటు తిరిగాను. గుట్ట అంటే మనిషి ఎత్తు కట్టలు, ఒక్కోటీ మంచం అంత. నా పుస్తకాలు, పాల డబ్బాల అట్టలు, లాటరీ టికెట్లు, ఆస్పత్రి కాగితాలు అన్నీ కలిపి ఇనప తీగతో బిగించేశారు. పైన టార్పాలిన్ చినిగి, రెండురోజుల వాన లోపలికి దిగింది.

"ఒక పుస్తకం కోసం వెతకాలి జే."

"ఒక్కటా? ఎన్ని కిలోలుంటుంది?"

"కిలోలు కాదు జే, ఒక్క పుస్తకం!"

"అమ్మా తల్లీ, నాకు చదువు రాదు. నేను కిలోల్లోనే మాట్లాడతాను." తీగ కత్తిరించే కత్తెర నా వైపు విసిరింది. "విప్పుకో. మళ్ళీ కట్టేది కూడా నువ్వే."

మధ్యాహ్నం దాకా రెండు కట్టలు విప్పాను. ఒక్కో ప్రార్థనల పుస్తకం దొరికినప్పుడల్లా గుండె ఆగేది, మొదటి పేజీ తిప్పగానే మళ్ళీ కొట్టుకునేది. ఉప్పు వ్యాపారి. మంత్రసాని. నీలిరంగు ఫోటోలో నా చిన్నప్పటి లెక్కల మాస్టారు. ఒక్కొక్కరూ నన్ను చూసి "మమ్మల్ని నకళ్ళంటావా" అని అడుగుతున్నట్టే ఉంది. అందరినీ పక్కన పేర్చాను. చరూన్ గారు లేరు.

సాయంత్రం అక్క వచ్చేసరికి నా గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. ఇక దాచలేకపోయాను. ఫారం, టిక్కులు, లారీ అంతా చెప్పేశాను.

అక్క అరవలేదు. తిట్టినా బాగుండేది.

"అంటే కంప్యూటర్లో లేదు."

"లేదక్కా."

"బ్యాంకాక్‌లో కూడానా?"

"అక్కడికి వెళ్ళేది ఇక్కడినుంచే. ఎక్కించనే లేదు."

"పుస్తకం కూడా లేదు. ఎక్కడా. నీకు ఖాయంగా తెలుసా?"

"రెండు కట్టలు వెతికాను. మిగతావి తడిసి ముద్దయ్యాయి. నన్ను క్షమించక్కా. పెద్దమ్మ పేరు నేనే పోగొట్టాను."

అక్క రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదిలాయి. చాలాసేపటికి చేతులు తీసి, నా మట్టి చేతిని పట్టుకుని, "పోనీలే సాయ్. నాకు ఆ పేజీ నోటికొచ్చు. చిన్నప్పట్నుంచి అమ్మకి చదివి వినిపించినదాన్నే కదా. అలాగే రాయిస్తాను. నువ్వు బెంగ పెట్టుకోకు," అంది. వెళ్తూ వెళ్తూ తన సంచీలోంచి మోకేంగ్ పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది.

ఆ పొట్లం నన్ను కాల్చుకు తినేసింది. తల్లి పోయిన దుఃఖంలో ఉండి, తప్పు చేసిన నన్నే ఓదార్చింది ఆవిడ! రేపు ఎవరైనా పెద్దింటి తరఫు మనిషి "ఏదీ ఆ పుస్తకం, చూపించు" అంటే అక్క ఏం చూపిస్తుంది? లైబ్రరీ పారేసిందంటే నమ్మేదెవరు? జే కిమ్ లారీ సోమవారం. దహనం ఆదివారం. నాకు మూడు రోజులు మిగిలాయి.

గురువారం, శుక్రవారం సెలవు పెట్టి యార్డులోనే ఉన్నాను. నడుము పట్టేసింది. వేళ్ళు తీగకి కోసుకున్నాయి. జే కిమ్ మొదట వేళాకోళం చేసింది, తర్వాత గొడుగు తెచ్చి పాతింది, ఆ తర్వాత తనూ వచ్చి కూర్చుని పుస్తకాలు నాకు అందించడం మొదలుపెట్టింది.

"ఇదిగో, గుండెల మీద పుట్టుమచ్చ ఉన్నట్టు ఒకావిడ. నీ మనిషేనా?"

"అది మచ్చ కాదు జే, పతకం. కాదు, మన మనిషి కాదు."

"ఇంతమందిని పారేసి ఒక్కడి కోసం ఏడుస్తావేంటే?"

నేను తర్వాతి పుస్తకం అందుకున్నాను. శనివారం పెద్ద స్వామి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ఒప్పేసుకున్నాను. "దొరికినవన్నీ వెనక్కి తీసుకురా, మొదటి నాలుగు కాగితాలు ఎక్కించు. ధ్యానం కింద కూర్చున్నా కుదురుతుంది," అన్నారాయన. ఆగి, "ఇది చెప్పడానికి నాలుగు రోజులా?" అన్నారు. ఉద్యోగం నిలిచింది గానీ నా మనసు నిలవలేదు. చరూన్ గారు ఇంకా దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి దొరికారు. ఆఖరి కట్ట అడుగున, మందుల అట్టపెట్టెకి అతుక్కుపోయి. అట్ట మీద ప్రార్థనల పేరు, తిప్పితే టోపీ పెట్టుకున్న సన్నటి మనిషి ఫోటో, కింద ఆయన పేరు. నేను కేక పెట్టాను. జే కిమ్ సీసాలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఉందా? నీ పెద్దమ్మ పేరుందా?"

పేజీలు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. తడి కాగితాన్ని విడదీయకూడదు, చిరుగుతుంది. గాలికి ఆరనిచ్చి, అంచునుంచి మెల్లగా తీయాలి. ఈ చేతులకి ఇంకేం రాకపోయినా ఆ ఒక్క పని వచ్చు. పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి, ఇంటికెళ్ళి నల్లబట్టలు మార్చుకునే తీరిక కూడా లేక, జే కిమ్ ఇచ్చిన నల్ల చొక్కా తొడుక్కుని మోటార్‌సైకిల్ టాక్సీ ఎక్కాను. దారంతా ఒకటే ఊహ. అక్క చేతిలో పుస్తకం పెడతాను. అందరి ముందూ పెడతాను. పెద్దమ్మ పేటిక ముందు నిలబడి ఆ పేజీ పైకి చదువుతాను.

గుళ్ళో జనం బాగానే వచ్చారు. మార్కెట్ మార్కెట్టంతా ఉంది. దహనశాల ముందు మండపంలో భిక్షువుల పఠనం సాగుతోంది. గుమ్మం దగ్గర, పేటికతో పాటు కాల్చే చందనపు చెక్క పువ్వు ఒకటి, పెద్దమ్మ పుస్తకం ఒకటి చేతికిచ్చారు. పల్చటి పసుప్పచ్చ పుస్తకం, అట్ట మీద పెద్దమ్మ నవ్వుతూ ఉంది. వెనక వరసలో ఫ్యాన్ కింద కూర్చుని, తువ్వాలు విప్పి తడి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ముందు కొత్తది తిరగేశాను.

నాలుగో పేజీలో ఉంది. "చరూన్ గారి దహన సందర్భంగా అచ్చయిన పుస్తకం, ఆరో పేజీ: భార్యలు ఇద్దరు, సంగ్‌వియన్, లమ్‌యై. సంతానం ఇద్దరు, వినిత్, బున్‌రువాన్."

అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంది అనుకుని పొంగిపోయాను. ఒళ్ళో పుస్తకం అంచులు ఆరాయి. నా గుర్తింపు కార్డు తీసి, దాని అంచుతో మెల్లగా ఆరో పేజీకీ ఏడో పేజీకీ మధ్య జొనిపాను. చిరగకుండా వచ్చింది.

"భార్య: సంగ్‌వియన్. సంతానం: ఒక్కడే కుమారుడు, వినిత్."

మళ్ళీ చదివాను. ఐదో పేజీ చూశాను, ఏడూ ఎనిమిదీ చూశాను. తొమ్మిదో పేజీలో ప్రార్థనలు మొదలయ్యాయి. లమ్‌యై అన్న పేరు ఎక్కడా లేదు.

చెమటలు పోశాయి. ఫ్యాను నా నెత్తిమీదే తిరుగుతోంది, అయినా పోశాయి. పఠనం వినపడడం మానేసింది. తల ఎత్తేసరికి బున్‌రువాన్ అక్క తెల్లబట్టల్లో నా ముందు నిలబడి ఉంది. ఆవిడ చూపు నా ఒళ్ళో ఉన్న ఫోటో మీద ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎక్కడా లేదన్నావు," అంది చాలా మెల్లగా.

"దొరికిందక్కా. నీకోసమే..."

అక్క నా పక్కన కూలబడింది. "పదేళ్ళప్పుడు చదవడం వచ్చింది నాకు. మొదట చదివింది ఆ పేజీయే. అమ్మ కళ్ళింత చేసుకుని చూస్తోంది, 'ఎక్కడే నా పేరు' అని. అమ్మకి అక్షరం రాదు. వేలు పెట్టి చూపించాను. 'సంగ్‌వియన్' అన్నచోట వేలు పెట్టి లమ్‌యై అని చదివాను. మర్నాడు మళ్ళీ చదవమంది. బతికినంతకాలం చదవమంటూనే ఉంది సాయ్. వరదలో పుస్తకం పోతే అమ్మ ఏడ్చింది, నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అప్పట్నుంచి నోటికే చదివాను. తర్వాత నువ్వు అన్నీ కంప్యూటర్లో పెడుతున్నావని విన్నాను."

అప్పుడు అర్థమైంది. మంగళవారం ఆవిడ వచ్చింది పుస్తకం కావాలని కాదు, లేదని తెలుసుకోవడానికి. ముఖం కప్పుకుని ఏడ్చింది బాధతో కాదు. నేనేమో గోళ్ళు ఊడేలా తవ్వి, మునిగిపోయిన దాన్ని తెచ్చి సరిగ్గా ఈ గంటకి, ఈ జనంలో తెరిచి కూర్చున్నాను. నా బుద్ధి గడ్డి తిందా?

"దాచెయ్," అంది అక్క. "వినిత్ వచ్చాడు."

ముందు వరసలోంచి లేచి మా వైపే వస్తున్నాడు పెద్దాయన. ఎనభై ఏళ్ళుంటాయి. నల్ల కోటు, చేతికర్ర. పెద్దింటివాళ్ళు ఎవరూ రారని అందరూ అనుకున్నారు. చంకలో పసుప్పచ్చ పుస్తకం ఉంది, నాలుగో పేజీ దగ్గర వేలు పెట్టి మూశాడు. నేను తువ్వాలు లాగాను, సగమే కప్పింది, ఫోటో పైకే ఉండిపోయింది.

"ఏంటమ్మా అది?"

"ప్రార్థనల పుస్తకమండీ," అన్నాను. ఆ మాట అబద్ధం కూడా కాదు.

ఆయన చెయ్యి చాపాడు. పెద్దవాళ్ళు అలా చాపితే ఇవ్వకుండా ఉండడం మాకు చేతకాదు. నాకూ చేతకాలేదు. ఇచ్చి, అక్క చెయ్యి పట్టుకున్నాను. అది మంచుముక్కలా ఉంది. ఇప్పుడు పైకి చదువుతాడు. మార్కెట్టంతా వింటుంది. పేటికలో పడుకున్న పెద్దమ్మని ఊరు మళ్ళీ ఆ పాత మాటే అంటుంది, ఈసారి పుస్తకం సాక్ష్యంగా.

వినిత్ గారు వెతుక్కోలేదు. సూటిగా ఆరో పేజీ తెరిచాడు. చూసి, మూసేశాడు.

"ఇది కాక ఇంకోటి ఉందా?"

"లేదండీ. మీ ఇంట్లో..."

"మా ఇంట్లోవి చెదలు తినేశాయి. కంప్యూటర్లో?"

"ఎక్కించలేదండీ. నా పొరపాటు."

"నీది ఉత్త పొరపాటే," అన్నాడాయన. అక్క వైపు చూడలేదు, నాతోనే మాట్లాడాడు. "ఈ పుస్తకం కూర్చింది నేను. ఇరవై నాలుగేళ్ళ వయసు. నాన్న మంచం మీద ఉండగానే తన చేత్తో రాసిచ్చాడు, ఇలా వేయించమని. భార్యలు ఇద్దరు, పిల్లలు ఇద్దరు అనే ఉంది అందులో. ప్రెస్సు వాకిట్లో నిలబడి రెండు పేర్లు కొట్టేశాను. మా అమ్మ అడగలేదు. నేనే కొట్టేశాను."

పసుప్పచ్చ పుస్తకం పైకెత్తి చూపించాడు. "లైబ్రరీలో ఇక ఇది పెట్టుకో. ఇందులో సరిగ్గా ఉంది."

దహనశాల తలుపులు తెరిచారు. జనం వరసగా మెట్లెక్కి పేటిక దగ్గర పువ్వులు పెడుతున్నారు. పెద్దాయన మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. తన చందనపు పువ్వు పెట్టి, దాని పక్కనే తడి పుస్తకం పెట్టాడు. ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క ప్రతి. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం నా కాళ్ళని ముందుకి తోసింది, పరిగెత్తి లాక్కోమంది. నేను కదల్లేదు.

అక్క అలాగే చూస్తూ ఉండిపోయింది. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు.

"యాభై ఏళ్ళు అబద్ధమనుకుంటూ చదివాను సాయ్," అంది. "నిజమని తెలిసుంటే ఇంకాస్త గట్టిగా చదివేదాన్ని."